ముట్లుడిగాక కడుపుబ్బరం: సరిహద్దు ఊళ్లలో ‘గ్యాస్’ అనే ఒక్క మాట వెనక ఎన్ని జబ్బులు

సారాంశం: ముట్లుడిగిన ఆడవాళ్లలో కడుపుబ్బరం, పొత్తికడుపు బరువు ఎక్కువసార్లు మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, గర్భసంచి జారడం, మాత్రల వల్ల వచ్చే పొట్టపూత లాంటి మామూలు కారణాలతోనే వస్తాయి. అయితే యాభై దాటాక కొత్తగా మొదలై, నెలలో 12 రోజులకు మించి ఉండే ఉబ్బరానికి స్కాన్, రక్తపరీక్ష అవసరం. అండాశయ క్యాన్సర్ మొదట ఇలాగే కనిపిస్తుంది. ఒడిశా సరిహద్దులోని తెలుగు కుటుంబాలకు భాష, దూరం, చేతులు మారే కాగితాలు కలిసి ఈ పరీక్షను ఆలస్యం చేస్తున్నాయి.

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో మందుల షాపుకు వెళ్లి ‘గ్యాస్ మాత్ర’ అని తెలుగులో అడిగినా, ఒడియాలో అడిగినా చేతికి వచ్చేది ఒకటే. పొట్ట ఉబ్బినా గ్యాసే, ఛాతీ మండినా గ్యాసే, రెండు ముద్దలకే కడుపు నిండిపోయినా గ్యాసే, పొత్తికడుపు బరువెక్కినా గ్యాసే. రెండు భాషలు కలిసి బతికే ఊళ్లలో అందరికీ అర్థమయ్యే మాట కాబట్టి అది ఇంకా గట్టిగా నాటుకుపోయింది. డాక్టరుకు తెలుగు రాకపోయినా, పేషెంటుకు ఒడియా సరిగా రాకపోయినా ఆ మాట దగ్గర ఇద్దరూ కలుస్తారు. అక్కడితో సంభాషణ ఆగిపోవడమే అసలు సమస్య.

ముట్లుడిగాక లోపల ఏం మారుతుంది

వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. ప్రపంచంలో దీని సగటు వయసు 51 ఏళ్ల దగ్గర ఉంటే, మన దేశంలో 46, 47 ఏళ్లకే వస్తోంది. ఆ సమయానికి అండాశయాలు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను తయారుచేయడం దాదాపు మానేస్తాయి. ఈ హార్మోన్ల ప్రభావం గర్భసంచితో ఆగేది కాదు. పేగుల కదలిక, మూత్రాశయం లోపలి పొర, యోని గోడలు, కటి కింద ఊయలలా పరుచుకుని అవయవాలను మోసే కండరాలు, అన్నీ వాటికి స్పందిస్తాయి.

అందుకే హార్మోన్లు తగ్గాక మార్పులు ఒకేసారి నాలుగు చోట్ల మొదలవుతాయి. పేగుల కదలిక మందగించి మలబద్ధకం పెరుగుతుంది, తిన్నది ఎక్కువసేపు నిలిచి ఉబ్బరం అనిపిస్తుంది. కొవ్వు తొడలు, తుంటి దగ్గర కన్నా పొట్ట లోపల ఎక్కువగా చేరడంతో చీర కట్టు బిగుతవుతుంది. మూత్రనాళం, యోని పొరలు పలచబడి ఇన్‌ఫెక్షన్లు త్వరగా పడతాయి. కటి కండరాలు సడలుతాయి. ఇవన్నీ వయసుతో వచ్చేవే, నిజం. అయితే ‘వయసు మీద పడింది, ఇంతే’ అనే మాటకు కూడా ఇక్కడే బలం వస్తుంది. వయసుతో వచ్చే ఉబ్బరం ఒక రోజు ఉండి ఒక రోజు తగ్గుతుంది, విరేచనం సాఫీగా అయితే తేలిక పడుతుంది. తగ్గకుండా వారం వారం పెరిగేదానికి వేరే కారణం వెతకాలి.

ఎక్కువగా కనిపించే కారణాలు

కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల కొండ పల్లెల్లో ఆడవాళ్లు యాభై, అరవై ఏళ్ల దాకా కట్టెల మోపులు, నీళ్ల బిందెలు మోస్తూనే ఉంటారు. ఎక్కువ కాన్పులకు ఈ బరువులు తోడైతే గర్భసంచి కిందికి జారుతుంది. దీని నొప్పికి ఒక ప్రత్యేకత ఉంది. పొద్దున లేవగానే దాదాపు ఉండదు, పని చేసేకొద్దీ పెరిగి సాయంత్రానికి పొత్తికడుపు కిందకి లాగేస్తున్నట్టు అవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. దగ్గినప్పుడు మూత్రం పడటం, మూత్రం పూర్తిగా దిగకపోవడం తోడవుతాయి. సిగ్గుతో ఏళ్ల తరబడి చెప్పరు, చెప్పాల్సి వచ్చినప్పుడు అదీ గ్యాస్‌గానే చెబుతారు. లోపల రింగు అమర్చడం, కటి కండరాల వ్యాయామాలు, అవసరమైతే ఆపరేషన్, ఇన్ని దారులు దీనికి ఉన్నాయి.

మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, పొత్తికడుపు సలుపు కలిసి ఉంటే ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. మళ్లీమళ్లీ వస్తుంటే ప్రతిసారీ యాంటీబయాటిక్ కోర్సు ఒక్కటే సరిపోదు. పలచబడిన పొరే అసలు కారణమైతే, డాక్టరు సలహాతో తక్కువ మోతాదులో యోనిలో వాడే ఈస్ట్రోజెన్ క్రీము ఇన్‌ఫెక్షన్లను తగ్గిస్తుంది. అదే సమయంలో షుగరు పరీక్ష కూడా చేయించాలి. ఏళ్లుగా షుగరు ఉన్నవాళ్లలో పొట్ట నెమ్మదిగా ఖాళీ అవడం వల్ల కూడా ఉబ్బరం వస్తుంది.

కుడి పక్కటెముకల కింద నొప్పి పట్టి, నూనె వంట తిన్న తర్వాత గంటా రెండు గంటలకు తీవ్రమై, వీపు వైపో కుడి భుజానికో పాకితే పిత్తాశయంలో రాళ్లను అనుమానిస్తారు. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఇవి ఎక్కువ. మామూలు అల్ట్రాసౌండ్‌లోనే తేలిపోతాయి.

ఎవరూ అంతగా పట్టించుకోని కారణం మాత్రలు. ముట్లుడిగాక మోకాళ్ల నొప్పులు పెరుగుతాయి. చీటీ లేకుండా షాపులోనో, ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరో డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి కొని వేసుకుంటారు. ఇవి పొట్ట లోపలి రక్షణ పొరను దెబ్బతీసి పూత, కొన్నిసార్లు పుండు తెస్తాయి. ఆ మంటకు గ్యాస్ మాత్ర వేస్తారు, మంట తగ్గగానే మళ్లీ నొప్పి మాత్ర. ఐరన్, కాల్షియం మాత్రలు మలబద్ధకాన్ని పెంచుతాయి. ఐరన్‌తో విరేచనం నల్లబడటం మామూలే, కానీ ఐరన్ వాడకుండానే నల్లగా, తారులా జిగటగా వస్తే పొట్టలో రక్తం కారుతోందని అర్థం. ఈ ప్రాంతంలో పొద్దున్నే పళ్లకు రుద్దే గుడాఖు, ఉత్తరాంధ్ర నుంచి ఇటువైపు వరకూ పెద్ద వయసు ఆడవాళ్లలో ఇంకా మిగిలిన అడ్డచుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట) అలవాటు కూడా లెక్కలోకి రావాలి. పొగాకులోని నికోటిన్ అన్నవాహిక కింది మూతను సడలించి పులితేన్పులను పెంచుతుంది.

పై కడుపు నొప్పి గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. ముట్లుడిగాక ఆడవాళ్లకు గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. వాళ్లలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా పై కడుపు బరువుగా, వికారంగా, చెమటగా, ఆయాసంగా రావచ్చు. నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గే ‘గ్యాస్’కు, చెమటలతో ఒక్కసారిగా వచ్చిన ‘గ్యాస్’కు సిరప్ కన్నా ముందు ఈసీజీ కావాలి.

నెలల తరబడి సాగే ఉబ్బరం

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే.

అండాశయ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం చాలాసార్లు అండాశయంలో కాకుండా దాని పక్కనే ఉండే ఫెలోపియన్ ట్యూబు చివర మొదలవుతుందని ఇప్పుడు తెలుసు. ఆ చోటు కడుపు కుహరంలోకి తెరుచుకుని ఉంటుంది. అందువల్ల గడ్డ పెద్దది కాకముందే కణాలు రాలి, కడుపు లోపలి పొర మీద, పేగుల మీద దుప్పటిలా పరుచుకున్న కొవ్వు పొర మీద అంటుకుంటాయి. అక్కడ పెరుగుతూ నీరు ఊరేలా చేస్తాయి. ఆ నీరు పొట్టను ముందుకు తోస్తుంది, దాన్నే ఉబ్బరం అనుకుంటారు. జీర్ణాశయం సాగడానికి చోటు తగ్గి నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. మూత్రాశయం మీద ఒత్తిడి పడి మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. ఒక్క లక్షణం కూడా గర్భసంచి జబ్బులా కనిపించదు, అన్నీ అజీర్తిలానే ఉంటాయి. ఈ జబ్బును ఒకప్పుడు గుట్టుగా పెరిగే జబ్బు అనేవారు. లక్షణాలు ముందు నుంచీ ఉంటాయి, వాటిని చూసి అజీర్తి అనుకోవడం వల్లే గుట్టు అనిపించింది.

మామూలు ఉబ్బరానికీ దీనికీ తేడా నొప్పి తీవ్రతలో ఉండదు. నెలలో ఎన్ని రోజులు ఉందన్నది చూడాలి. 2007లో అమెరికా పరిశోధకులు రూపొందించిన లక్షణాల సూచిక మూడు జతలను తీసుకుంది: పొత్తికడుపు లేదా కడుపు నొప్పి, పొట్ట పెరగడం లేదా ఉబ్బరం, తినలేకపోవడం లేదా త్వరగా కడుపు నిండటం. వీటిలో ఏదైనా ఏడాది లోపు కొత్తగా మొదలై నెలకు 12 రోజులకు మించి ఉంటే పరీక్ష అవసరం. బ్రిటన్‌లో 2011లో వచ్చిన వైద్య మార్గదర్శకాలు కూడా ఇదే హద్దు పెట్టి, దానికి మూత్ర లక్షణాలను చేర్చాయి. అందులో ఒక సూచన మన డాక్టర్లకూ, ఇంటివాళ్లకూ సమానంగా పనికొస్తుంది: పేగుల చికాకు జబ్బు, అంటే ఐబీఎస్, యాభై దాటాక మొదటిసారి రావడం అరుదు. ఆ వయసులో కొత్తగా ఐబీఎస్ లాంటి లక్షణాలు వస్తే ముందు అండాశయాన్ని చూడాలి.

గోడ మీది క్యాలెండరు దీనికి చాలు. ఉబ్బరం ఉన్న ప్రతి రోజు మీదా సున్నా చుట్టి నెలాఖరుకు లెక్కపెడితే, ‘ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు’ అనే డాక్టరు ప్రశ్నకు ఏ భాషలోనైనా జవాబు దొరుకుతుంది.

తొందర ఎందుకంటే, జబ్బు అండాశయం దాటనప్పుడు పట్టుకుంటే పదిమందిలో తొమ్మిది మంది దాకా అయిదేళ్లు దాటి బతుకుతారు. కడుపంతా పాకాక దొరికితే దాదాపు ముగ్గురే. ఎక్కువ కేసులు మూడో, నాలుగో దశల్లోనే దొరుకుతున్నాయి. రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ తల్లికో, అక్కచెల్లెళ్లకో వచ్చి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

మరి లక్షణాలు లేని ఆడవాళ్లందరికీ ఏటా పరీక్ష చేస్తే సరిపోదా? బ్రిటన్‌లో ముట్లుడిగిన రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్లతో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఏటా పరీక్షలు చేసినా అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. కాబట్టి ప్యాకేజీల పేరుతో అమ్మే ‘లేడీస్ క్యాన్సర్ చెకప్’లో సీఏ 125 అనే రక్తపరీక్ష ఉందని భరోసా పడటం సరికాదు. లక్షణం ఉన్న మనిషికి త్వరగా పరీక్ష జరగడమే ఇప్పటికి ఆచరణలో ఉన్న దారి.

స్కాన్, సీఏ 125 ఏం చెబుతాయి

సీఏ 125 అనేది రక్తంలో కొలిచే ఒక ప్రొటీన్. 35 యూనిట్ల లోపు మామూలు. 35 దాటితే క్యాన్సర్ అని కాదు. కాలేయం గట్టిపడినా, గుండె బలహీనపడినా, గర్భసంచిలో గడ్డలున్నా పెరుగుతుంది. తొలి దశ క్యాన్సర్‌లో పెరగకపోనూవచ్చు. అందుకే డాక్టర్లు దాన్ని ఒంటరిగా చూడరు. స్కాన్‌లో గడ్డ తీరుకు ఒక మార్కు, ముట్లుడిగాయా లేదా అన్నదానికి ఒక మార్కు ఇచ్చి, రెంటినీ సీఏ 125 అంకెతో గుణిస్తారు. ముట్లు వస్తున్నవాళ్లకు మార్కు 1, ఆగిపోయినవాళ్లకు 3. సీఏ 125 విలువ 80, స్కాన్ మార్కు 1 అనుకుంటే, ముట్లు వచ్చే మనిషికి లెక్క 80 దగ్గర ఆగుతుంది. ముట్లుడిగిన మనిషికి 240 అవుతుంది. 200 దాటితే క్యాన్సర్ సర్జన్ దగ్గరికి పంపాలన్నది వాడుకలో ఉన్న హద్దు. ఒకే రిపోర్టు ఇద్దరు ఆడవాళ్లకు రెండు రకాల అర్థం ఇస్తుంది. ముట్లు ఆగిన సంగతి స్కాన్ చేసేవాళ్లకు చెప్పకపోతే ఈ తేడా కొట్టుకుపోతుంది.

స్కాన్‌లో ‘నీటి బుడగ ఉంది’ అనగానే ఆపరేషన్ టెన్షన్ అక్కర్లేదు. లోపల గోడలు, గట్టి భాగాలు లేకుండా అయిదు సెంటీమీటర్ల లోపు ఉండి, సీఏ 125 మామూలుగా ఉంటే, నాలుగు నుంచి ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేసి చూస్తే చాలు. చాలా బుడగలు వాటంతటవే పోతాయి. గర్భసంచి కండలోని గడ్డలు ముట్లుడిగాక కుంచించుకుపోవాలి. అప్పుడు కొత్తగా పెరుగుతుంటే మాత్రం చూపించుకోవాలి.

క్షయతో పొరపాటు

మన దేశంలో పొట్టలో నీరు, బరువు తగ్గడం, సీఏ 125 బాగా పెరగడం కలిసి కనిపిస్తే క్యాన్సర్‌తో పాటు కడుపు క్షయను కూడా గుర్తుపెట్టుకోవాలి. రెండూ కడుపు లోపలి పొర మీదే పడతాయి, స్కాన్‌లో ఒకేలా కనిపించగలవు, క్షయలోనూ సీఏ 125 వందల్లోకి వెళ్లగలదు. నీటిని తీసి పరీక్షించడం, అవసరమైతే చిన్న ముక్క తీసి చూడటం వల్లే తేడా తెలుస్తుంది. ఒకటి కనీసం ఆరు నెలల మాత్రలతో నయమయ్యేది, రెండోది పెద్ద ఆపరేషన్, కీమోథెరపీ కావాల్సింది. ముక్క పరీక్ష లేకుండా ఇంటికి పంపేస్తే రెండు వైపులా నష్టమే: క్షయ ఉన్న మనిషి క్యాన్సర్ అనుకుని ఆశ వదులుకోవచ్చు, క్యాన్సర్ ఉన్న మనిషి టీబీ మాత్రలతో నెలలు పోగొట్టుకోవచ్చు.

ఒక్క చుక్క రక్తమైనా

ముట్లుడిగి ఏడాది దాటాక ఏ మాత్రం రక్తం కనిపించినా, నొప్పి లేకపోయినా, డాక్టరుకు చూపించాలి. ‘మళ్లీ ముట్టు వచ్చింది’ అనుకోవడం ప్రమాదం. ఇలా రక్తం కనిపించిన పదిమందిలో తొమ్మిది మందికి కారణం పొర పలచబడటం, పాలిప్ (లోపల పెరిగే చిన్న కండ) లాంటివే. కానీ గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు పదిమందికి తొమ్మిది మందిలో మొదటి గుర్తు ఈ రక్తమే. స్కాన్‌లో లోపలి పొర మందం నాలుగు మిల్లీమీటర్లు దాటితే ముక్క పరీక్ష చేస్తారు. గర్భసంచి ముఖద్వారం కూడా చూడాల్సిందే. ప్రభుత్వ కేంద్రాల్లో ముప్పై దాటిన ఆడవాళ్లకు వెనిగర్ లాంటి ద్రావణం పూసి చేసే పరీక్ష ఉంది. ముట్లుడిగాక చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి ఆ వయసులో అది అంత నమ్మకంగా పనిచేయదు, ముఖద్వారం దగ్గర కణాలు తీసి చూసే పాప్ స్మియర్ లేదా ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష మేలు.

సరిహద్దు ఏం మారుస్తోంది

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు బరంపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. గీత మారినా చుట్టరికాలు, వైద్యం దారులు మారలేదు. నౌపడా మీదుగా గుణుపురం రైలు, విజయనగరం మీదుగా రాయగడ రైలు రోగులను ఇప్పటికీ శ్రీకాకుళానికీ విశాఖపట్నానికీ చేరుస్తున్నాయి. ఒడిశా వైపు బరంపురంలో 1962 నాటి ఎంకేసీజీ వైద్య కళాశాల, కోరాపుట్‌లో 2017లో మొదలైన వైద్య కళాశాల ఉన్నాయి. మహారాష్ట్ర అంచున సిరోంచ, దెగ్లూరు, ధర్మాబాద్ తెలుగువాళ్లది కూడా ఇదే తీరు, ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుంది.

రెండు వైపులా ఆసుపత్రులు ఉండటం వరమే. కానీ మనిషి అటూ ఇటూ తిరిగేటప్పుడు కాగితాలు వెంట రావు. మొదటి స్కాన్ ఒక ఊళ్లో, రెండోది ఇంకో రాష్ట్రంలో జరిగితే, బుడగ పెరిగిందా తగ్గిందా అని పోల్చే వీలుండదు. ఉబ్బరం విషయంలో ఆ పోలికతోనే చాలావరకు తేలిపోతుంది.

భాషది ఇంకో చిక్కు. తెలుగులో కడుపు, పొట్ట, పొత్తికడుపు వేర్వేరు చోట్లు. ఒడియాలో తడబడుతూ చెప్పేటప్పుడు అన్నీ ‘పేట’ అయిపోతాయి. పొత్తికడుపుకు ‘తళపేట’ అని ఉంది. ఆ ఒక్క మాట, చేత్తో చోటు చూపించడం, ‘మాసిక బంద్’ అయి ఎన్నేళ్లయిందో చెప్పడం, ఈ మూడూ జరిగితే డాక్టరు ఆలోచన జీర్ణాశయం నుంచి కటి వైపు మళ్లుతుంది. చాలాసార్లు కొడుకో మనవడో దుబాసీగా వస్తాడు. మగపిల్లాడి ముందు రక్తం సంగతి, గర్భసంచి జారిన సంగతి ఆ తల్లి చెప్పలేదు. కూతురో, కోడలో, ఊరి ఆశా కార్యకర్తో వెంట ఉంటే ఆ అడ్డు తొలగుతుంది.

డబ్బు సంగతికొస్తే, ఒడిశా 2025 జనవరిలో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. రాష్ట్ర పథకంతో కలిపి కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో అయిదు లక్షల వరకు రక్షణ ఉంది. పథకంలో నమోదైన ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ కార్డు చెల్లుతుంది, ఆ జబ్బుకు ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో చేరేముందే అడగాలి. అయితే ఈ కార్డులు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చుకు ఉద్దేశించినవి. జబ్బును మొదట పట్టుకునేది మాత్రం బయట ఓపీలో చేయించే స్కాన్. ప్రైవేటులో ఆ ఖర్చు జేబులోంచే పోతుంది. లక్షల ఆపరేషన్‌కు కార్డు ఉండి, జబ్బును త్వరగా బయటపెట్టగలిగే స్కాన్‌ను డబ్బుల్లేక వాయిదా వేసే పరిస్థితి ఇలా వస్తోంది. జిల్లా ఆసుపత్రి, వైద్య కళాశాల ఓపీలను ముందుగా ప్రయత్నించడం ఈ దశలోనే ఎక్కువ లాభం.

‘గర్భసంచి తీసేశారు, ఇంకేం వస్తుంది?’

తెలుగు ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు ప్రత్యేక బరువుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. చుట్టాల ఊరికి వెళ్లి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన సరిహద్దు కుటుంబాల్లో ఆ మాట తరచు వినిపిస్తుంది. గర్భసంచి తీసినప్పుడు అండాశయాలు కూడా తీశారా, ఉంచారా అన్నది చాలామందికి తెలియదు. ఉంచితే అండాశయ క్యాన్సర్ ముప్పు పోలేదు. ముట్టు ఎలాగూ రాదు కాబట్టి ముట్లుడిగిన వయసు ఎప్పుడు వచ్చిందో తెలిసే దారీ లేదు. అండాశయాలు ఉంచినా అవి కొన్నేళ్లు ముందే పని ఆపేయవచ్చు. రెండూ తీసేసినా కడుపు లోపలి పొరలో అదే తరహా క్యాన్సర్ అరుదుగా రావచ్చు. ఆపరేషన్ కుట్ల లోపల పేగులు అతుక్కుని పట్టేసినట్టుండే నొప్పి ఏళ్ల తర్వాత కూడా వస్తుంది. నొప్పితో పాటు వాంతులు, గాలి కూడా పోకపోవడం ఉంటే అది పేగు మూసుకుపోయిన గుర్తు కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అప్పటి డిశ్చార్జి కాగితంలో ఏం తీశారో రాసి ఉంటుంది. ఉబ్బరంతో వెళ్లేటప్పుడు పాత స్కాన్లతో పాటు దాన్ని కూడా పట్టుకెళ్లాలి. అది పోయి ఉంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో నకలు అడగవచ్చు. ‘స్కాన్‌లో అండాశయం కనిపించలేదు’ అన్న మాటను బట్టి తీసేశారని అనుకోవడానికి లేదు. ముట్లుడిగాక అది బాగా చిన్నదైపోయి, ఉన్నా పేగుల వెనక కనిపించకుండా పోతుంది.